పురోహితుడు లేని పెండ్లి

పూనా జిల్లా జున్నర్ తాలూకాలో 1884వ సంవత్సరమున ఒక పాటిలు ఇంట పెండ్లి జరిగినది. ఆ పెండ్లి మీద కోర్టుకెక్కినవారు వధువు వైపువారు కారు, వరుని వైపువారును కారు. వారు ఆ గ్రామపు జోషీలు. తమను పిలువకుండ పెండ్లి చేసికొన్నారనియు, అందువలన తమకు రావలసిన దక్షిణ పోయినదనియు వారి ఫిర్యాదు.

ఈ దావా నేటి పాఠకులకు వింతగా తోపవచ్చును గాని, ఆనాటి మహారాష్ట్రమున ఇందులో వింత లేదు. గ్రామ జోషి అనగా పంచాంగము చెప్పి, ముహూర్తము నిర్ణయించి, ఊరివారి శుభాశుభములు జరిపించు వంశపారంపర్య పురోహితుడు. ఆ వృత్తి హక్కును అక్కడ వతను అందురు. భూమి మీద మిరాసీ ఎట్టిదో పెండ్లి మీద ఆ వతను అట్టిది. తండ్రినుండి కుమారునికి వచ్చును, అన్నదమ్ములు పంచుకొనవచ్చును. గృహస్థుడు తనకు నచ్చిన వేరొక పురోహితుని పిలుచుకొన్నను గ్రామ జోషి తన దక్షిణను కోర్టు ద్వారా రాబట్టుకొనవచ్చునని బొంబాయి హైకోర్టు అంతకు పదేండ్ల క్రిందటనే తీర్పు చెప్పియుండినది. జున్నర్ తాలూకా పాటిలు చేసిన పని మాత్రము వేరు. ఆయన మరొక బ్రాహ్మణుని పిలువలేదు. అసలు ఎవరినీ పిలువలేదు.

ఈ ధైర్యము ఆయనకు జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునుండి వచ్చినది. ఆ సమాజము 1873 సెప్టెంబరు 24వ తేదీన పూనాలో ఏర్పడినది. మూడు నెలలు నిండగనే, డిసెంబరు 25వ తేదీన, పురోహితుడు లేకుండ మొదటి పెండ్లి జరిపించినది. సావిత్రీబాయి ఫూలే ఆ పెండ్లి పనులు తానే చూచుకొన్నది. మరుసటి మే నెలలో జరిగిన రెండవ పెండ్లికి పోలీసుల కాపుదల కావలసి వచ్చినది. 1887లో ఫూలే ఈ పెండ్లిండ్ల కొరకు మరాఠీలో ఒక విధిని, మంగళాష్టకములను రచించి అచ్చువేయించినాడు. వాటిలోని విశేషమేమనగా, పలుకవలసిన మాటలు పురోహితుని నోట లేవు. వధువు వరుని అడుగును. వరుడు ఒప్పుకొని మాట ఇచ్చును. చుట్టును నిలిచినవారు అక్షతలు చల్లుదురు. నడుమ ఒకడు నిలిచి చదివినను, ఆ చదువువాడు ఏ కులమువాడైనను కావచ్చును, ఇరుగుపొరుగువాడైనను కావచ్చును.

జోషీల దావా కింది కోర్టులలో తిరిగి తిరిగి బొంబాయి హైకోర్టు చేరినది. పెండ్లి నాటినుండి తీర్పు నాటికి అయిదారేండ్లు గడచినవి. పురోహితుని ప్రసక్తియే లేకుండ తమ పెండ్లి తాము చేసికొన్నవారిని దక్షిణ కొరకు నిర్బంధింపరాదని న్యాయస్థానము తేల్చినది. ఇది సూక్ష్మమైన భేదము. వేరొక పురోహితుని పిలిచినవాడు బాకీదారు. ఏ పురోహితుని పిలువనివాడు బాకీదారు కాడు. ఈ భేదము తొలగి, పిలువని పురోహితునికి ఎట్టి దక్షిణయు చెల్లనక్కరలేదని బొంబాయి శాసనసభ చట్టము చేయుటకు 1926 దాకా ఆగవలసి వచ్చినది.

అయితే దక్షిణ ఇయ్యనక్కరలేదనుట ఒకటి, ఆ పెండ్లి పెండ్లియే అనుట మరియొకటి. మొదటిది పురోహితునికిని గృహస్థునికిని నడుమ తగవు. రెండవది భార్యకు, బిడ్డలకు సంబంధించినది. ఆస్తి పంపకమునాడు, భర్త విడిచిపెట్టిననాడు, మరొకతెను తెచ్చుకొన్ననాడు మాత్రమే ఆ ప్రశ్న పైకి వచ్చును. అంతవరకు ఏ కోర్టును దానిని అడుగదు.

ఆ ప్రశ్నను ముందుగా, ఎవరును దావా వేయకముందే, తమంతట తాము అడిగికొన్నవారు కలకత్తా బ్రాహ్మసమాజమువారు. దేవేంద్రనాథ ఠాకూరు 1861లో తన కుమార్తె పెండ్లిని విగ్రహము లేకుండ సంస్కరించిన పద్ధతిని జరిపించినాడు. కేశవచంద్రసేనుని అనుయాయులు ఇంకను ముందుకు పోయి, వర్ణాంతర వివాహములకు, వితంతు వివాహములకు పూనుకొన్నారు. ఇట్టి పెండ్లిండ్లు చట్టమునకు నిలుచునా యని అడ్వొకేటు జనరల్‌ను అడుగగా, నిలువవని 1868లో ఆయన అభిప్రాయమిచ్చినాడు. అప్పటినుండి నాలుగేండ్లు వాదము సాగినది. సర్ హెన్రీ మెయిన్ ఒక బిల్లు తెచ్చినాడు; దానిని అందరును వ్యతిరేకించినారు. ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ బ్రాహ్ములకు మాత్రమే వర్తించునట్లు మరొకటి తెచ్చినాడు. తాము హిందువులమే గాని వేరొక జాతి కామని ఆది బ్రాహ్మసమాజమువారు దానిని వ్యతిరేకించినారు. చివరకు 1872లో మూడవ చట్టముగా వెలువడినదానిలో బ్రాహ్ముల పేరే లేదు. రిజిస్ట్రారు ఎదుట, ముగ్గురు సాక్షుల ఎదుట ఎవరైనను పెండ్లాడవచ్చును. కాని అంతకుముందు ఇద్దరును తాము హిందువులము కాము, ముసల్మానులము కాము, క్రైస్తవులము కాము అని, ఇట్లు ఒక్కొక్క మతమును పేర్కొని కాదని వ్రాసి ఇయ్యవలెను.

పురోహితుని వదలుకొనుటకు మతమునే వదలుకొనవలసి వచ్చినదన్న మాట. యాభైయేండ్లపాటు ఈ దేశమున ఎందరో యువతీయువకులు, తాము నిజముగా నమ్మని ఈ వాక్యము కింద సంతకము చేసినారు. 1923లో హరిసింగ్ గౌర్ కృషి వలన హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము ఆ వాక్యము లేకుండ పెండ్లాడుటకు వీలైనది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టముతో అది పూర్తిగ పోయినది. ఇక కేశవచంద్రుని సంగతి: 1872 చట్టము వధువునకు కనీస వయస్సు పదునాలుగేండ్లని విధించినది, ఆయన కృషి ఫలితముగానే. 1878లో ఆ వయస్సు ఇంకను నిండని తన కుమార్తెను కూచ్‌బిహారు రాజునకు ఆ చట్టము వెలుపల, పురోహితుల చేతనే పెండ్లి చేయించినాడు. సమాజము చీలినది.

ఒక అనధికారికి, పాదరీ గాని రిజిస్ట్రారు గాని కాని సామాన్యునికి, పెండ్లి జరిపించుటకు సర్కారు కాగితము మీద అనుమతి ఇచ్చుట మన దేశమున ఎన్నడైన కలదా యని అడిగినచో, కలదు. 1872లోనే వచ్చిన క్రైస్తవ వివాహ చట్టము తొమ్మిదవ సెక్షను ప్రకారము ప్రభుత్వము ఏ క్రైస్తవునికైనను, పేరు పెట్టి గాని ఉద్యోగమును బట్టి గాని, దేశీయ క్రైస్తవుల పెండ్లిండ్లకు సర్టిఫికెట్టు ఇచ్చు లైసెన్సు ఇయ్యవచ్చును. పాదరీ అరుదుగా వచ్చు పల్లెలలో ఈ సెక్షను అవసరము ఊహింపదగినదే. ఆ లైసెన్సుదారు ఎదుట, మరి ఇద్దరు సాక్షుల ఎదుట, వధూవరులు ఒకరినొకరు స్వీకరించుచున్నామని చెప్పిన చాలును. 1880 నాటి కాజీల చట్టము మరొక త్రోవ పట్టినది. సర్ సయ్యద్ అహమ్మదు ఖాను ప్రవేశపెట్టిన ఆ చట్టము మొదట మన మద్రాసు రాజధానికే వర్తించినది. ప్రభుత్వము కాజీని నియమింపవచ్చునని చెప్పి, వెంటనే, నికాహ్‌కు కాజీ ఉండితీరవలెనని గాని, మరొకరు ఆ పని చేయరాదని గాని దీనికి అర్థము కాదని చేర్చినది. ఒక అధికారమును సృష్టించుచు, అది లేకున్నను పని జరుగునని అదే నోటితో చెప్పిన చట్టములు అరుదు.

తెలుగునాట ఈ కథ చట్టముతో గాక పురోహితుని కొరకు వెదకులాటతో ప్రారంభమైనది. వితంతు వివాహము చెల్లునని 1856లోనే చట్టము వచ్చినది. కన్యకు జరుపు తంతునే వితంతువునకు జరిపినను అంతే బలము కలుగునని అందులో స్పష్టముగ ఉన్నది. అయినను 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించునప్పుడు ఆయనకు ఎదురైన కష్టములలో మంత్రము చెప్పువానిని సంపాదించుట ఒకటి. వెలికి జడిసి ఎవరు ముందుకు వత్తురు? చట్టము పెండ్లికి అనుమతి ఇయ్యగలదు గాని పురోహితుని ఇయ్యలేదు. నలుబదేండ్ల తరువాత త్రిపురనేని రామస్వామి చౌదరిగారు ఈ చిక్కును మరొక రీతిని విప్పినారు. డబ్లినులో బారిష్టరు చదువు చదివి వచ్చిన ఆ కవిరాజు 'వివాహవిధి'ని తెలుగున రచించి, తానే పీటల ముందు కూర్చుండి ఎన్నో పెండ్లిండ్లు జరిపించినారు. ఇంటి ఆడువారికి, అవ్వలకు కూడ అర్థమగు భాషలో ఆ పెండ్లి సాగినది. ఆయనను అనుసరించి కృష్ణా, గుంటూరు మండలములలో బ్రాహ్మణేతరులు పౌరోహిత్యమునకు పూనుకొన్నారు.

తమిళదేశమున ఇదే ఉద్యమము మరింత పదునెక్కినది. రామస్వామి నాయకరు నడిపిన ఆత్మగౌరవోద్యమపు మొదటి వివాహము 1928లో అరుప్పుకోట దగ్గర ఒక గ్రామమున జరిగినదందురు. అక్కడ పెండ్లి అనగా ఒక సభ. దానికి అధ్యక్షుడుండును, ఉపన్యాసములుండును. వధూవరులు లేచి తాము ఒకరినొకరు జీవితమునకు తోడుగా ఎన్నుకొన్నామని చెప్పుదురు, దండలు మార్చుకొందురు. అగ్ని లేదు, ముహూర్తము లేదు. రాహుకాలమున పెట్టిన పెండ్లిండ్లును కలవు. 'కుడి అరసు' పత్రిక వాటి వార్తలను ఉత్సాహముతో ప్రకటించుచుండెడిది. వితంతువులు, కులము మాటను త్రోసిపుచ్చినవారు, కట్నము ఇయ్యలేని తండ్రులు, ఇట్లు వేలకొలది కుటుంబములు నలుబదేండ్లపాటు ఈ విధముగా పెండ్లిండ్లు చేసికొన్నవి. అధ్యక్షత వహించిన నాయకునికి ఎట్టి లైసెన్సును లేదు. కావలెనని ఎవరికిని తోచనులేదు.

1953లో ఒక చెట్టియారు కుటుంబపు ఆస్తి తగవు మద్రాసు హైకోర్టుకు వచ్చినది. 1930లలో జరిగిన ఒక ఆత్మగౌరవ వివాహము అందులో విచారణకు నిలిచినది. ఆ ఇద్దరును కలిసి కాపురము చేసినారు, బిడ్డలు కలిగినారు, ఊరివారు భార్యాభర్తలుగనే ఎంచినారు. న్యాయమూర్తుల తర్కము ఇట్లు సాగినది: హిందూ వివాహము శాస్త్రోక్త విధిని జరుగవలెను, లేదా ఆ కులమున చిరకాలముగా నడచుచున్న ఆచారమును బట్టి జరుగవలెను. ఇది శాస్త్రోక్తము కాదు. కాకుండుటయే దీని ఉద్దేశము. ఆచారమందుమా, ఆచారమునకు ప్రాచీనత కావలెను. నిన్న మొన్న ఒక సంఘము కల్పించిన పద్ధతి ఆచారము కాజాలదు. కనుక అది వివాహము కాదు.

తర్కమున తప్పు వెదకుట కష్టము. దాని ఫలితమును చూచినచో వేరుగ తోచును. పురోహితుని పెత్తనమును నిరాకరించినవారు పురుషులు. సభలలో ఉపన్యసించినవారును అధికముగ పురుషులే. ఆ తీర్పు దెబ్బ మాత్రము తగిలినది ఆ సభలలో దండ వేయించుకొన్న స్త్రీలకును, వారి బిడ్డలకును. ఒక్క తీర్పుతో ఒక ఇంటి భార్య భార్య కాకపోయినది. ఆమె కొడుకు తండ్రి ఆస్తికి పరాయివాడైనాడు. ఆ ఒక్క ఇంటితో అది ఆగునా? అట్టి పెండ్లి జరిగిన ప్రతి ఇంటను దాయాదులకు ఒక ఆయుధము దొరకినది. రెండేండ్లకు 1955లో హిందూ వివాహ చట్టము వచ్చినను ఈ స్థితి మారలేదు. ఆ చట్టపు ఏడవ సెక్షనులో పురోహితుడన్న మాట ఎక్కడను లేదు. వధూవరులలో ఎవరి ఆచారమును బట్టియైన పెండ్లి జరుగవచ్చును. ఆ ఆచారమున సప్తపది ఉన్నచో ఏడవ అడుగుతో పెండ్లి పూర్తియగును. ఆచారమన్నది ఎప్పటినుండియున్నది అను ప్రశ్న ఎప్పటివలెనే మిగిలినది.

1967లో అణ్ణాదురై ముఖ్యమంత్రి యగుటతోనే ఈ పని చేతబట్టినాడు. హిందూ వివాహ చట్టమునకు మద్రాసు శాసనసభ ఏడవ సెక్షను వెంట 7-ఏ అను సెక్షను చేర్చినది. రాష్ట్రపతి ఆమోదమును పొంది 1968 జనవరిలో అది అమలునకు వచ్చినది. బంధువులో మిత్రులో మరెవరైననో ఉండగా, ఇద్దరును తమకు తెలిసిన ఏ భాషలోనైనను ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరించుచున్నామని చెప్పినను చాలును. దండలు మార్చుకొన్నను, ఉంగరము తొడిగినను చాలును. తాళి కట్టినను చాలును. మూడింటిని కలిపినది 'మరియు' కాదు, 'లేదా'. అంతకుముందు ఇట్లు జరిగిన పెండ్లిండ్లును, కొన్ని మినహాయింపులతో, జరిగిననాటినుండియే చెల్లినట్లు ఆ సెక్షను ప్రకటించినది. 1953లో ఊడినది 1968లో అతికినది. నడుమ పదునైదేండ్లలో ఎన్ని పంపకములు, ఎన్ని రాజీలు జరిగినవో!

ఈ సెక్షనులో గమనింపదగినది మరొకటి కలదు. పెండ్లి జరిపించువాడు అన్న పాత్రయే అందులో లేదు. సామాన్యునికి పౌరోహిత్యపు హక్కు ఇయ్యవలెనని ఉద్యమకారులు పోరాడినారు. చట్టము ఆ హక్కును ఎవరికిని ఇయ్యలేదు, పీఠమునే తీసివేసినది. అధ్యక్షుడు ఎంత గొప్ప నాయకుడైనను చట్టము దృష్టిలో వచ్చిన చుట్టములలో ఒకడే.

పీఠము ఖాళీగ ఉన్నచోట ఎవరో ఒకరు కూర్చుండుట లోకరీతి. ఇంటివారికి చెప్పకుండ వచ్చిన జంటలకు వకీళ్ళు తమ గదులలోనే పెండ్లి జరిపించి, కాగితము వ్రాసి ఇచ్చుట మద్రాసులో వాడుక అయినది. ఇట్లు రహస్యముగ జరుగునది వివాహము కాదని, 7-ఏ క్రింద సైతము నలుగురెదుట జరుగవలెనని 2014లో మద్రాసు హైకోర్టు చెప్పినది. ఇద్దరి ప్రాణములకు ముప్పున్నచోట నలుగురిని పిలువుమనుట ఎట్టిదో ఆలోచింపదగినది. కులాంతర వివాహము చేసికొన్నవారు తమ రక్త బంధువుల చేతనే హతులైన ఉదంతములు తమిళదేశమునను, తెలుగుదేశమునను మనకు తెలియనివి కావు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివైచినది. సెక్షనులో బహిరంగ ప్రకటన కావలెనన్న మాట లేదని, లేనిదానిని చేర్చరాదని చెప్పినది. న్యాయస్థానపు అధికారిగా వకీలు పెండ్లి జరిపించుటకు పూనుకొనరాదు. మిత్రుడుగనో బంధువుగనో అక్కడ నిలువవచ్చును. మరుసటి యేడు అదే న్యాయస్థానము వేరొక కేసులో, ఏ తంతును జరుగక సర్టిఫికెట్టు మాత్రము పుచ్చుకొన్నచో అది హిందూ వివాహము కాదని గట్టిగ చెప్పినది. ఈ రెండును విరుద్ధములు కావు. తంతు ఎంత చిన్నదైనను కావచ్చును, ఉండవలెను.

ఇక మిగిలినది రెండవ పెండ్లి సంగతి. తంతు లేని పెండ్లి చెల్లదన్న సూత్రము, భార్య ఉండగా మరొకతెను కట్టుకొన్న పురుషునికి ఎంత అక్కరకు వచ్చినదో 1965లో సుప్రీంకోర్టుకు వచ్చిన మహారాష్ట్రపు కేసు చూపును. ద్వివివాహమునకు ఏడేండ్ల శిక్ష కలదు. ముద్దాయి వాదమేమనగా, నా రెండవ పెండ్లిలో సప్తపది లేదు, హోమము లేదు. కనుక అది పెండ్లియే కాదు. పెండ్లి కానిచో నేరమెక్కడిది? న్యాయస్థానము ఒప్పుకొనక తప్పలేదు. అతడు విడుదలైనాడు. అటుపిమ్మట ఎన్నో కేసులలో మొదటి భార్య సాక్షులను తెచ్చి, ఎన్ని అడుగులు నడచినారో రుజువు చేయలేక ఓడిపోయినది. పురోహితుడు లేకపోవుట ఫూలే ఊళ్ళో స్వేచ్ఛ. ఈ కోర్టులలో అదే మగవాని తప్పుదారి.

తిరుత్తణి దేవస్థానపు మండపములో 1984 జూన్‌లో ఒకడు మొదటి భార్య బ్రతికియుండగనే రెండవ పెండ్లి చేసికొన్నాడు. తాళి కట్టినాడు, దండలు మార్చుకొన్నాడు. పట్టుబడినప్పుడు అతడును సప్తపది లేదన్న పాత వాదమునే ఎత్తుకొన్నాడు. కింది కోర్టు విడిచిపెట్టినది కూడ. మొదటి భార్య పోరాడి సుప్రీంకోర్టుదాకా నిలిచినది. ఇక్కడ 7-ఏ సెక్షను వర్తించునని, తాళి కట్టుటతోనే పెండ్లి పూర్తియైనదని, కనుక నేరమును పూర్తియైనదని 2001లో తీర్పు వచ్చినది. ఆత్మగౌరవోద్యమము తన పెండ్లిండ్ల కొరకు కోరి తెచ్చుకొన్న సెక్షను, గుడిమండపములో జరిగిన ఒక పెండ్లిని పట్టి ఇచ్చినది.

ఆ సెక్షను తమిళనాటను, పుదుచ్చేరిలోను మాత్రమే కలదు. తెలుగు రాష్ట్రములలో అట్టిది లేదు. కవిరాజు పద్ధతిని జరిగిన పెండ్లి నేటికిని ఆచారమన్న పాత మాట మీదనే నిలువవలెను. తిరుత్తణి 1960 ఏప్రిలు దాకా చిత్తూరు జిల్లాలో ఉండినది. ఆనాడు సరిహద్దు మారకున్నచో, ఆ మండపమునకు 7-ఏ వర్తించియుండెడిది కాదు. ఆ మొదటి భార్య ఏడడుగులను లెక్క చెప్పు సాక్షి కొరకు వెదకికొనవలసి వచ్చెడిది.